అప్పులపాలు చేసిన మేడలో అద్దెకు ఒక రాత్రి

ఫలక్‌నుమా అన్న మాట మన పల్లెల్లో చాలామందికి రైలు పేరుగానే తెలుసు. సికింద్రాబాదులో బయలుదేరి నల్గొండ, గుంటూరు, విజయవాడ మీదుగా హౌరా పోయే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో, జనరల్ పెట్టెలో తలుపు దగ్గర నిలబడి ప్రయాణం చేసినవారు ఏ ఊళ్లో అడిగినా నలుగురు తేలతారు. తమాషా ఏమిటంటే ఆ రైలు ఫలక్‌నుమాకు పోనే పోదు. ఫలక్‌నుమా అనేది హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు అంచున ఉన్న పేట. అక్కడ స్టేషను ఉన్నమాట నిజమే. అది మహబూబ్‌నగర్ లైనులో ఉంది. పేటకూ, స్టేషనుకూ, రైలుకూ కూడా పేరిచ్చింది అక్కడి గుట్ట మీది ఒక మేడ.

ఆ మేడ 2010 నవంబరు నుంచి హోటలుగా నడుస్తోంది. ఒకప్పుడు నిజాం నవాబూ, ఇంగ్లండు రాజులూ పడుకున్న ఆ ఇంట్లో ఇప్పుడు డబ్బు కట్టగలిగిన ఎవరైనా ఒక రాత్రి బస చేయవచ్చు. అయితే ఆ ఇంటి కథ తెలియకుండా అక్కడ పడుకుంటే పట్టుపరుపు మీద పడుకున్న సుఖమే గాని మరేమీ మిగలదు. కథ మన పల్లెలకు కొత్తది కాదు. తాహతుకు మించి ఇల్లు మొదలుపెట్టి అప్పుల్లో కూరుకుపోయిన మనిషి కథ అది. కాకపోతే ఆ మనిషి నవాబు.

ఇల్లు కట్టి చూసిన నవాబు

ఆయన పేరు సర్ వికారుల్ ఉమ్రా. పైగా వంశం వారు. నిజాం తరువాత నిజాం అంతటి వారని పేరున్న వంశం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సోదరిని పెళ్లాడి నిజాముకు బావగారు కూడా అయ్యారు. 1890లలో హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేశారు. వికారాబాదు పట్నానికి ఆ పేరు వచ్చింది ఈయన వల్లనే.

1884 మార్చి 3న ఆయన చార్మినారుకు దక్షిణంగా అయిదు కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద పునాది వేశారు. మారెట్ అనే ఆంగ్లేయుడు ప్లాను గీశాడు. పాలరాయి ఇటలీ నుంచి ఓడలో వచ్చింది. దీపాల గుత్తులు, కుర్చీలు, బల్లలు, అద్దాలు యూరప్ నుంచి వచ్చాయి. పై నుంచి చూస్తే కొండి చాచిన తేలు ఆకారంలో ఉంటుందని ఈ భవనం గురించి ప్రసిద్ధి. కట్టడానికీ, సామాను అమర్చడానికీ కలిపి తొమ్మిదేళ్లు పట్టింది. పేరు ఫలక్‌నుమా అని పెట్టారు. ఫలక్ అంటే ఆకాశం. ఆకాశానికి అద్దం పట్టినట్టు ఉండే ఇల్లు అని భావం.

ఖర్చు నలభై లక్షలు అయిందని ఎక్కువగా చెప్పే లెక్క. అది ఆ కాలపు నలభై లక్షలు. పైగా నవాబులకు రాబడి అంతా జాగీరు గ్రామాల శిస్తు నుంచే. అంటే ఇటలీ పాలరాయికి వెల కట్టింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. జొన్న పండినా పండకపోయినా శిస్తు కట్టిన రైతు ఆ ఇంటి గుమ్మం చూసి ఉండడు. పాత కాలపు మేడల గురించి రాసేవారు ఈ మాట సాధారణంగా వదిలేస్తారు.

శిస్తు కూడా చాలలేదు. నవాబు అప్పుచేశారు. అప్పు మీద అప్పు చేశారు. ప్రధానమంత్రి అయి ఉండి, నిజాము బావగారై ఉండి కూడా తీర్చే దారి కనిపించలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ నుంచి కథ హైదరాబాదులో చెప్పుకునే తీరులో ఉంటుంది. దారి చూపింది నవాబుగారి బేగం అంటారు. నిజామును విందుకు పిలవండి, ఇల్లు చూపించండి, ఆ తరువాత సంగతి నాకు వదిలేయండి అన్నదట. నిజాం వచ్చారు. ఒక రోజు అనుకున్నది వారం అయింది. వారం నెల అయింది. ఆయనకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఇల్లు అంత నచ్చితే ఏలినవారికే నజరానా అని నవాబు విన్నవించుకున్నారు. నజరానా ఊరికే పుచ్చుకోవడం నిజాము మర్యాదకు తగదు. కాబట్టి ఖజానా నుంచి పైకం వచ్చింది, నవాబు పరువు నిలిచింది. ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అన్నది ఎలా ఉన్నా, 1897-98 ప్రాంతంలో మేడ చేతులు మారి నిజాముది అయిన మాట మాత్రం చరిత్ర. కట్టినవాడు పట్టుమని పదేళ్లు కూడా అందులో ఉండలేదు. 1902లో వికారుల్ ఉమ్రా కన్నుమూశారు.

మహబూబ్ పాషా ముచ్చట

మేడను తీసుకున్న ఆరవ నిజాముకు జనంలో మంచి పేరు ఉండేది. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ ఊళ్లకు ఆయన పేరే. పాము కరిచినవాడు మహబూబ్ పాషా పేరు తలిస్తే విషం దిగుతుందని పల్లెల్లో నమ్మేవారు. అర్ధరాత్రి అయినా సరే పాముకాటు కబురు వస్తే తనను నిద్ర లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చారని కూడా చెప్పుకునేవారు. (ఇప్పుడు పాము కరిస్తే పోవలసింది ఆస్పత్రికే. ఆ సంగతి వేరు.)

ఆయన ఫలక్‌నుమాను రాచ అతిథుల విడిదిగా చేశారు. తరువాత అయిదో జార్జి చక్రవర్తి అయిన వేల్సు యువరాజు, భార్య మేరీతో 1906లో హైదరాబాదు వచ్చినప్పుడు విడిది ఇక్కడే. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీఖాన్ ఈ మేడలోనే కన్నుమూశారు. వయసు 45 ఏళ్లు.

కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ తీరు వేరు. 1937లో అమెరికా వారి టైమ్ పత్రిక ఆయన బొమ్మ ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ధనవంతుడు కాపురం ఉన్నది కింగ్ కోఠీలో, పొదుపుగా. ఫలక్‌నుమాను ఎవరైనా పెద్ద అతిథి వస్తే తెరిచేవారు, పోతే మూసేవారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ఇండియన్ యూనియనులో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ బస చేశారు. పెద్ద అతిథుల్లో ఆయనే ఆఖరు. ఆ తరువాత తాళం పడింది.

తాళం పడిన యాభై ఏళ్లు

మనిషి మసలని ఇల్లు ఏమవుతుందో పల్లెవాసులకు చెప్పవలసిన పని లేదు. తెలంగాణలో దొరల గడీలు, కోస్తాలో జమీందార్ల దివాణాలు ఎన్ని ఇలాగే కూలిపోలేదు! ముందు పెంకు జారుతుంది, తరువాత వాన దిగుతుంది, ఆపైన రావి మొక్క మొలుస్తుంది. తలుపులు, దూలాలు ఎవరో పట్టుకుపోతారు. వారసులు దావాల్లో ఉంటారు.

ఫలక్‌నుమాకు కూడా అదే గతి పట్టవలసింది. 1967లో ఉస్మాన్ అలీఖాన్ పోయాక ఆస్తి మనుమడు ముకర్రం జాకు వచ్చింది. ఆస్తితోపాటు బరువూ వచ్చింది. నౌకర్లు, బంధువులు, బాకీలు, కోర్టు కేసులు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన చిరాకుపడి ఆస్ట్రేలియా పోయి లక్షల ఎకరాల గొర్రెల ఫారం కొన్నారు. నిజాం మనుమడు ట్రాక్టర్లు, బుల్డోజర్లు నడుపుకుంటూ కాలం గడిపారంటే మనవాళ్లు నమ్మరు గాని, అది జరిగిన సంగతే. ఫారం కూడా చివరికి చేతులు దాటిపోయింది. ఇటు హైదరాబాదులో ఫలక్‌నుమా గదుల్లో పట్టు తెరలు చిమ్మెటలు తిన్నాయి. దీపాల గుత్తుల మీద దుమ్ము పేరుకుంది.

నిలబెట్టింది ముకర్రం జా మొదటి భార్య, టర్కీ దేశస్థురాలు యువరాణి ఎస్రా. చాలా ఏళ్ల కిందటే విడాకులు అయినా, ఆస్తి వ్యవహారం చక్కబెట్టడానికి ఆమె తిరిగి హైదరాబాదు వచ్చారు. మేడను అమ్మలేదు. టాటాల తాజ్ హోటళ్ల కంపెనీకి కౌలుకు ఇచ్చారు. భూమి ఒకరిది, సేద్యం ఒకరిది అన్న పద్ధతే. 2000 నుంచి పదేళ్లపాటు మరమ్మతు సాగింది. కొత్త హోటలు కట్టడానికి ఇంతకాలం పట్టదు. పాతదాన్ని పాతగానే ఉంచి బాగుచేయడానికి పట్టింది. కుర్చీ తోలు చిరిగితే అదే రంగు తోలు వేయాలి, తెర మాసిపోతే అదే నేతతో మళ్లీ నేయించాలి, గాజు గుత్తిలో ఒక్కొక్క పలుకు విప్పి తుడిచి మళ్లీ అదే చోట తగిలించాలి. ఎస్రా దగ్గరుండి చూసుకున్నారు. ఒక్క తరంలో కట్టిన ఇంటిని బాగుచేయడానికి కూడా ఒక దశాబ్దం కావలసివచ్చింది.

బస చేసే వైనం

హోటలుకు పోయే దారి చార్మినారు నుంచే. లాడ్ బజారు గాజుల మెరుపు, మక్కా మసీదు ముందు పావురాలు దాటి శాలిబండ, అలియాబాద్, ఇంజన్ బౌలి మీదుగా పోవాలి. లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి గుడి ఈ దారికి దగ్గరలోనే. ఆషాఢంలో అక్కడ బోనాల నాడు ఘటాల ఊరేగింపులు, రంజాను మాసంలో తెల్లవార్లూ తెరిచి ఉండే దుకాణాలు, హలీం బట్టీలు, మొహర్రం పదో రోజున బీబీకా ఆలం ఊరేగింపు. ఏడాదిలో ఏ నెల పోయినా ఈ పాతబస్తీకి పడుకునే తీరిక ఉండదు. ఆటోలు, తోపుడుబండ్లు, స్కూటర్లు, మేకలు అన్నీ ఒకే రోడ్డు మీద. ఈ సందడి మధ్య నుంచి పోయి గుట్ట ఎక్కితే 32 ఎకరాల ఆవరణ. గేటు దాటగానే చప్పుడు ఆగిపోతుంది. అంత దగ్గరలో అంత నిశ్శబ్దం ఉండడమే మొదటి వింత.

కారు కింది గేటు దగ్గరే ఆగిపోతుంది. ఎంత ఖరీదు కారైనా సరే. అక్కడ నుంచి పైకి గుర్రపు బగ్గీ. తలపాగా చుట్టుకున్న బండివాడు మెల్లగా తోలుకుపోతాడు. మేడ ముందు పాలరాతి మెట్లు. అతిథి మెట్లెక్కుతుంటే పై అంతస్తు నుంచి గులాబీ రేకులు చల్లుతారు. నిజాముకు జరిగిన మర్యాద ఇది. మొన్నటిదాకా మెట్లు కడిగిన కూలివాడి కొడుకు వచ్చి డబ్బు కట్టినా అదే మర్యాద చేయాలి, చేస్తారు కూడా. హోటలు ధర్మంలో మెచ్చుకోదగ్గది ఇదొకటి.

బస గదులు, సూట్లు కలిపి 60. ముందుభాగంలోని దర్బారు హాళ్లు, గ్రంథాలయం, భోజనశాల పాత పద్ధతిలోనే ఉంచేశారు. పడకగదులు వెనుక భాగంలో, తోటల చుట్టూ ఉన్నాయి. గది అద్దె రాత్రికి పదుల వేల రూపాయలు. పెద్ద సూట్లకు లక్షల్లో. రోజుకు 7,500 రూపాయలు దాటిన హోటలు గదులన్నిటికీ ఉన్నట్టే దీనికీ 18 శాతం జీఎస్టీ అదనం. రైతు లెక్కలో చెప్పాలంటే ఒక రాత్రి అద్దె పాడిగేదె ఖరీదుతో పోటీ పడుతుంది. గది మధ్యాహ్నం 2 గంటలకు ఇస్తారు, మర్నాడు 12 గంటలకల్లా ఖాళీ చేయాలి. ఈ లెక్కన రోజు కూడా పూర్తిగా చేతికి రాదు.

సాయంత్రం మేడ చూపిస్తారు. బస చేసినవారిని వెంటబెట్టుకుని గది గదికీ తిప్పి కథ చెప్పడానికి మనిషి ఉంటాడు. డబ్బు పెట్టినవాడు ఈ షికారు మానుకుంటే సగం నష్టపోయినట్టే. చెక్కడపు మెట్ల దారి పైకి పోతుంటే గోడ పొడుగునా పాత వైస్రాయిల, గవర్నరు జనరళ్ల పటాలు. గ్రంథాలయం కప్పు వాల్‌నట్ కర్రతో చెక్కింది, ఇంగ్లండు రాజుల విండ్సర్ కోటలోని కప్పుకు నకలు. బిలియర్డు బల్ల ఇంగ్లండులో చేయించింది. దాని జత బకింగ్‌హామ్ రాజభవనంలో ఉందని చెబుతారు.

అన్నిటికీ మించి చూడవలసింది భోజనశాల. ఒకే ఒక బల్ల. పొడవు 108 అడుగులు. మన ఊళ్లో పెళ్లి పందిరి కింద రెండు బంతులు పట్టేంత పొడవు. చుట్టూ ఆకుపచ్చ తోలు కుట్టిన 101 రోజ్‌వుడ్ కుర్చీలు. ఈ హాలు కట్టడంలో ఒక చమత్కారం ఉంది. బల్ల ఈ కొసన కూర్చున్నవాడు మెల్లగా మాట్లాడినా ఆ కొసన వినిపిస్తుంది. నిజాము మధ్యలో కూర్చునేవారట. విందులో ఎవరు ఎవరితో ఏమి గుసగుసలాడినా ఆయన చెవిని పడకుండా పోయేది కాదన్నమాట. నవాబుల కొలువులో ఇంతకంటే పనికివచ్చే వస్తువు ఏముంటుంది!

2017 నవంబరు 28న ఈ బల్ల దగ్గరే ప్రధాని నరేంద్ర మోదీ, అమెరికా అధ్యక్షుడి కుమార్తె ఇవాంకా ట్రంప్ వచ్చిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అతిథులకు విందు ఇచ్చారు. 2014 నవంబరులో సినిమా నటుడు సల్మాన్‌ఖాన్ చెల్లెలి పెళ్లి కూడా ఈ మేడలోనే. అప్పటి నుంచి పెద్దింటి పెళ్లిళ్లకు ఇది పేరున్న వేదిక అయిపోయింది. ఇల్లు కట్టి చూసినవాడి మేడలో పెళ్లి చేసి చూసేవారు ఇప్పుడు బారులు తీరుతున్నారు.

గుత్తొంకాయకు నవాబు వేషం

రాత్రి భోజనానికి రెండు శాలలు. ఒకదానిలో దొరల తిండి. ‘అదా’ అనే రెండోదానిలో హైదరాబాదీ వంటలు. దూరం నుంచి వచ్చిన అతిథి రెండోదానికే పోవడం మంచిది. హైదరాబాదు వంట అంటే బిర్యానీ ఒక్కటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. రాతి పలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్, ఎండు జల్దారు పండ్లతో చేసే ఖుబానీ కా మీఠా నగరానికి అంత పేరూ తెచ్చాయి. బగారా బైంగన్ సంగతి ఇంకా ముచ్చట. లేత వంకాయను నాలుగు చీలికలుగా కోసి, తొడిమ ఉంచి, పల్లీ, నువ్వులు, కొబ్బరి వేయించి నూరిన ముద్దలో చింతపులుసు పోసి ఉడికిస్తారు. ఇది విన్న ఏ ఇల్లాలైనా ‘మా గుత్తొంకాయే కదా’ అనక మానదు. నిజమే, రెండూ అక్కాచెల్లెళ్లు. పల్లీ, నువ్వు, చింతపండు మన మెట్ట పొలాల పంటలు. నవాబుల వంటశాలకు కాబూల్ నుంచి జల్దారు పండ్లు వచ్చినా, పులుపు మాత్రం ఇక్కడి చింతచెట్టుదే.

భోజనమయ్యాక వెనుక వైపు మేడ మీదికి పోతే కింద నగరమంతా దీపాలు. ఉత్తరాన చార్మినారు, మక్కా మసీదు వైపు వెలుగు గుంపుగా ఉంటుంది. సందె వేళ అయితే పాతబస్తీ మసీదుల నుంచి అజా ఒకదాని వెంట ఒకటి లేచి గుట్ట మీదికి అలలుగా వస్తుంది. వికారుల్ ఉమ్రా ఎందుకు ఈ గుట్టనే ఎంచుకున్నారో అప్పుడు తెలుస్తుంది. అప్పులు చేసి తప్పు చేశారనుకున్నా, చోటు ఎంచుకోవడంలో మాత్రం తప్పు పట్టలేము.

పరుపు, దుప్పటి, గదికి వచ్చి వినయంగా వంగి అడిగే నౌకరు, స్నానాల గది, ఇవన్నీ పెద్ద హోటళ్లు ఎక్కడైనా ఇచ్చేవే. వాటికోసం ఇంత డబ్బు పెట్టనక్కరలేదు. ఇక్కడ కొనుక్కునేది తెల్లవారుజామున అతిథులు లేవకముందు ఖాళీ మేడలో నడిచే పావుగంట. ఆ వేళకు కసవు ఊడ్చేవారు, ఇత్తడి తోమేవారు, పూలకుండీలకు నీళ్లు పోసేవారు, గుర్రాలను మాలిష్ చేసేవారు పనిలో ఉంటారు. రాళ్లకు, గాజుకు నూటముప్పై ఏళ్లు దాటినా మెరుపు పోలేదంటే రోజూ వాళ్లు తోమడం వల్లనే. ఆ మెరుపు ఒక్క ఏడాది వదిలేస్తే ఏమవుతుందో ఆ మేడకు యాభై ఏళ్ల అనుభవం ఉంది.

తలుపు ఎవరికి తెరిచినట్టు?

మేడ హోటలు కావడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు హైదరాబాదులో రెండు మాటలూ వినవస్తాయి. జనం శిస్తుతో కట్టిన ఇల్లు జనం చూడటానికి ఉండాలి గాని, డబ్బున్నవాడి పడకగది కావడమేమిటి అన్నది ఒక మాట. ఇందులో న్యాయం ఉంది. ముందుగా ఏర్పాటు చేసుకోకుండా పోయినవారిని గేటు దగ్గరే ఆపేస్తారు. గుట్ట కింది పేటలో పుట్టి పెరిగిన మనిషి కూడా పైన ఏముందో చూడకుండానే బతుకు వెళ్లదీయవచ్చు.

రెండో మాట ఏమంటే, చూడటానికైనా ఇల్లంటూ మిగలాలి గదా అన్నది. కట్టిన నవాబు భరించలేకపోయాడు. నిజాం వారసులు భరించలేకపోయారు. మూడోసారి ఆ బరువు ఎత్తుకున్నది రాత్రికింతని అద్దె వసూలు చేసే లెక్కల పుస్తకం. పుట్టినప్పటి నుంచి ఖర్చే గాని రాబడి ఎరుగని ఇల్లు, తన కూలి తాను సంపాదించుకోవడం 2010 నుంచే మొదలుపెట్టింది. గడీలు కూలిపోయిన ఊళ్లను చూసినవారికి ఈ రెండో మాటే బలంగా కనిపిస్తుంది. మొదటి మాట అంతమాత్రం చేత చెల్లకుండా పోదు.

ఆ మధ్య, 2023 జనవరిలో ముకర్రం జా టర్కీలోని ఇస్తాంబుల్‌లో మరణించారు. భౌతికకాయాన్ని హైదరాబాదు తెచ్చి చౌమహల్లాలో జనం చూడటానికి ఉంచి, మక్కా మసీదు ఆవరణలో తాతముత్తాతల పక్కన ఖననం చేశారు. గుట్ట మీది మేడలో ఆ రాత్రి కూడా గదులకు అతిథులు ఉన్నారు.

గది అద్దె పెట్టలేనివారికి ఒక దారి ఉంది. ముందుగా మాట్లాడుకుని సాయంత్రపు టీకి గాని, భోజనానికి గాని చోటు ఖాయం చేసుకుంటే మేడ లోపలికి పోవచ్చు. అదీ మామూలు సంసారికి బరువే. నలుగురు కలిసి ఏడాదికోసారి నగరం పోయినప్పుడు పెట్టుకోదగ్గ ఖర్చు. అదీ వద్దనుకుంటే చార్మినారు దగ్గరే చౌమహల్లా ఉంది. నిజాముల అసలు దర్బారు అదే. దాన్ని కూడా ఎస్రాయే బాగుచేయించారు. చిన్న టికెట్టుతో ఎవరినైనా రానిస్తారు. పాత మోటారు కార్లు, బగ్గీలు, దీపాల గుత్తులు పిల్లలకు చూపించవచ్చు. శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు కనుక పల్లెల నుంచి పోయేవారు ఆ రోజు తప్పించి బయలుదేరాలి. ఫలక్‌నుమా స్టేషను దాకా ఎంఎంటీఎస్ రైళ్లు నడుస్తాయి. స్టేషను బయట ఆటో మాట్లాడుకునేటప్పుడు ‘హోటలు’ అనకుండా ‘చార్మినార్’ అంటే బేరం కొంచెం తక్కువలో తెగుతుంది.